మందారానికి విడుదల

పోలీసు స్టేషను సార్జెంటుగారికి,

నాది నాలుగక్షరాల చదువు, తప్పులుంటే మన్నించండి. సోమవారం మీవాళ్లు ఆరుగురు మా ఇంటికి వచ్చారు. వీధిలో అన్ని కప్పుల మీదా మంచు పేరుకుంటే మా ఒక్క ఇంటి మీదే కరిగిపోయిందని ఎదురింటి ఓర్మరాడ్ గారు మీకు ఫోను చేశారట. ఆవిడ తప్పేం లేదు. మా అటక మీద హీటరు వెలుగుతూనే ఉంటుంది. అరటీ నిమ్మా మందారం ఇక్కడి చలికి బతకవు కదా, వసంతం వచ్చేదాకా కుండీలకు దుప్పట్లు చుట్టి అక్కడ దాస్తాను.

"బామ్మా, కప్పు మీద మంచు కరిగేంత వేడి పెట్టి ఈ గంజాయి ఎన్నాళ్లనుంచి పండిస్తున్నావ్?" అన్నాడు కానిస్టేబుల్ క్లిఫర్డ్. వాడు మా వీధిలో పెరిగినవాడే.

"నీ మొహం! అది మందారంరా. ఈ రకానికి ఆకు వేళ్లలా చీలుతుంది, అంతమాత్రాన గంజాయేనా?" అన్నాను.

అయినా పరీక్ష చేయించాలని కుండీతో సహా పట్టుకుపోయాడు. పాపం, టీ తాగిన కప్పు మాత్రం కడిగిపెట్టి వెళ్లాడు.

పరీక్ష తీరిగ్గా చేయించుకోండి. నా బెంగంతా చలి గురించే. గింజ నాటి ఏడేళ్లయింది, చలికాలంలో అది ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. కిటికీ దగ్గర పెట్టకండి. నీళ్లు వారానికి అరకప్పు చాలు. ఖైదీల గది వెచ్చగా ఉంటుందని క్లిఫర్డ్ చెప్పాడు. అందులో పెట్టినా నేనేమీ అనుకోను.

విడుదల ఆలస్యమయ్యేట్టుంటే దయచేసి నన్ను కూడా ఆ గదిలోనే పెట్టండి. దుప్పటి నేనే తెచ్చుకుంటాను, పెద్దది, ఇద్దరికీ సరిపోతుంది.

ఇట్లు,
మంచు నిలవని ఇంటి ముసలమ్మ