బిందెల వరసలో ఆవిరి కారు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పాత పుస్తకంలో బొమ్మ చూసి, స్నానాలగదిలో వదిన రాగి బాయిలరు పీకి నువ్వు మొదలుపెట్టిన ఆవిరి కారును నేను పూర్తి చేశాను. పొద్దున నీ పేరిట నీళ్ళు వదిలాక దాన్ని వీధిలోకి తీశాం.

బుసలు కొడుతూ కదిలింది. కదిరి దాకా పోతుందని నువ్వన్న బండి, వేడికి బాయిలరు అతుకు ఊడి, దారంతా నీళ్ళు కార్చుకుంటూ బోరింగు దగ్గర ఆగిపోయింది. ఈ కరువులో ఊరంతటికీ నీళ్ళిచ్చే బోరింగు అదొక్కటే. నేను బకెట్టుతో ముందుకు పోతే పక్కింటి నారాయణమ్మ అడ్డం నిలబడింది.

"ఏమప్పా, కారైతే ఏమి? బిందెల ఎనకాల వరసలో పెట్టు."

పెట్టాను. ముందు బిందె జరిగినప్పుడల్లా నలుగురం కలిసి కారును ఒక అడుగు తోశాం.

మా వంతు రాకముందే, ఏడాదిగా ఆ కారును తిడుతున్న వదిన, తాను పట్టుకున్న బిందెడు నీళ్ళూ తెచ్చి బాయిలర్లో వంచింది. పోసినవి పోసినట్టే కిందికి కారిపోయాయి.

"పోనీలే," అంది వదిన. "పొద్దున వదిలిన ఉద్ధరిణెడు నీళ్ళు మీ అన్నకు యాడ సాలుతాయి?"

ఖాళీ బిందెతో మళ్ళీ వరస చివరికి పోయి నిలబడింది.