లిఫ్టుండగా మెట్లెక్కిన పెళ్లికొడుకు

శాంతియాగో

ఎదెల్మిరా అత్తకి మైతే ముద్దులు.

వచ్చే నెల మొదటి ఆదివారం లౌతారోని తీసుకొస్తున్నా! నన్ను పెంచినదానివి, నువ్వు ఊఁ అంటేనే మా పెళ్లి. వాల్పరైసో అంటే ఏమిటో అతనికి తెలియాలిగా, అందుకే రేవు నుంచి మన గుమ్మందాకా మెట్లెక్కే వస్తాం. కొండ లిఫ్టు ముట్టుకోం! నాకిప్పట్నుంచే కాళ్లు ఆగడం లేదు.

నీ మైతే

తా.క. అతను చదును నేల మనిషి. మంచినీళ్లు దగ్గర పెట్టుకో.

వాల్పరైసో

చిట్టితల్లికి అత్త దీవెనలు.

గుండె దడదడలాడిందే! లిఫ్టు నిక్షేపంలా తిరుగుతుంటే మెట్లెక్కేదెవరు? మొక్కున్నవాళ్లు! ఆ అబ్బాయికి ఏం జబ్బు? నిజం చెప్పు.

అత్త

తా.క. పక్కింటి రొసాల్బాకి ఒక్కదానికే చెప్పాను. కొండంతా పరామర్శకొచ్చింది.

శాంతియాగో

అత్తా,

జబ్బూ లేదు, మొక్కూ లేదు! సరదాకి ఎక్కుతున్నాం, ఒట్టు!

మైతే

తా.క. లౌతారో పొద్దుట్నుంచీ నాలుక చాపి అద్దంలో చూసుకుంటున్నాడు.

వాల్పరైసో

బంగారుతల్లీ,

అర్థమైందిలే. మొక్కు బయటపెడితే ఫలించదు, ఇక అడగను. ఎలాగూ ఎక్కుతున్నాడుగా, తన కోళ్లు గుడ్లు పెట్టాలని కూడా ఎక్కమంది రొసాల్బా. చివరి మెట్లు మోకాళ్లతో ఎక్కడానికి వీధివాళ్లంతా దిండ్లు తెస్తున్నారు.

అత్త

తా.క. చేపల సెఫెరీనో వాళ్ల ఫుట్‌బాల్ జట్టు గెలవాలట. అదీ కలుపుకోమను.

శాంతియాగో

అత్తా,

క్షేమంగా తిరిగొచ్చాం. ఆ కొవ్వొత్తులు, ఆ గిటార్లు, వెనకాలే కొండంతా ఎక్కి రావడం! సంతోషంతో ఏడ్చేశాను. లౌతారో దిండ్లు చూసి, అత్తగారి గడపకి ఇక్కడ ఇలాగే రావాలేమో అనుకుని నోరెత్తకుండా మోకాళ్ల మీద ఎక్కాడు. నువ్వేమో కళ్లొత్తుకుంటూ లోపలికెళ్లిపోయావు. ఊఁ అనలేదు. అతను నచ్చలేదా? నాకు అన్నం సయించడం లేదు.

మైతే

తా.క. అతను ఇంకా కుంటుతున్నాడు.

వాల్పరైసో

పిచ్చితల్లీ,

ఊఁ! వందసార్లు ఊఁ! మారు మాట్లాడకుండా మోకాళ్ల మీద వచ్చే అల్లుడు ఈ కొండ మీద ఎవరికి దొరికాడే?

ఆరోజు నేను ఏడ్చింది భయంతో. మొక్కు నాది. నీకు మంచివాడు దొరికితే రేవు నుంచి ఇంటిదాకా మోకాళ్లతో ఎక్కుతానని మరియతల్లికి ఎప్పుడో మొక్కేశా. వాడేమో దొరికేశాడు, నా మోకాళ్లేమో మంచం దిగనంటున్నాయి. ఫాదరుగారిని అడిగా. చేతకానివాళ్ల మొక్కు ఇంట్లోవాళ్లు తీర్చవచ్చట!

అత్త

తా.క. అల్లుడు ఇంట్లోవాడేగా, వచ్చే ఆదివారం తీసుకురా. మొన్నటిది లెక్కలోకి రాదన్నారు, సరదాకి ఎక్కాడటగా.