అద్దం చూడని బొమ్మ

12 జనవరి 1986, ఆదివారం

ఇవాళ కూడా స్టూలు మీద కదలకుండా కూర్చుని వచ్చాను. మెడ పట్టేసింది. గంగ ఒడ్డున రేకుల షెడ్డులో మృత్యుంజయ బాబు మట్టితో నా ముఖం చేస్తున్నారు. కలకత్తాలో ఆర్ట్ చదివిన మనిషి, గోళ్ళ నిండా మట్టే. నవ్వమన్నారు. పరాయి మగాడి ముందు ఊరికే ఎలా నవ్వను? ఇంతలో ఒక మేక లోపలికొచ్చి ఆయన సంచీలోంచి మరమరాల పొట్లం లాక్కుంది. ఫక్కున నవ్వేశాను. అలాగే ఉండు దీదీ, అలాగే ఉండు అని అరిచారు. మేక పొట్లం ఖాళీ చేసేదాకా పళ్ళు బయటపెట్టుకుని కూర్చున్నాను. నా పై పళ్ళ వరస చాలా బాగుంటుందట. ఇన్నేళ్ళకి ఒకరు చెప్పారు.

మునిసిపాలిటీ వాళ్ళు కలకత్తా పక్కన మన బజ్‌బజ్‌లో బొమ్మల పార్కు కడుతున్నారు. పడవవాడు, చేపలమ్మే మనిషి, ఆయిల్ డిపో కూలీ, జూట్ మిల్లు ఆడమనిషి. ఆ ఆడమనిషికి ముఖం వెతుక్కుంటూ బాబు మిల్లు క్రెష్‌కి వచ్చారు. పిల్లల మధ్య ఆయాపని చేసుకుంటున్న నన్ను చూసి ఇదే ముఖం అన్నారు. మా ఆయన కోదండం స్పిన్నింగ్‌లో పని. యూనియన్ లీడర్ రామనాథం గారు అడిగితే కాదనలేడు. కామ్రేడ్ భార్య ఊరి మధ్యలో నిలబడుతుంది అని చెప్పి ఒప్పించారు.

మా అత్తగారు జగ్గమ్మకి మాత్రం నచ్చలేదు. మనిషి మొకం తీసి బొమ్మకెట్టీస్తే మనిషికేటి మిగుల్తాదే అంది. ఉన్నది ఒక్క ముఖమే కదత్తా, రెండోది వస్తే మంచిదే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

9 ఫిబ్రవరి

బొమ్మ సిమెంటులోకి వచ్చేసింది. నాకు రెండింతలుంది. సిమెంటులో ఎర్రరంగు కలిపారు. నెత్తి మీద జనపనార మోపు. నోరు తెరిచి నవ్వు.

కనుగుడ్ల మధ్య చిన్న గుంటలు తవ్వారు. అందులో నీడ పడి చూపులా ఉంటుందట. నిజమే. షెడ్డులో నేను ఎటు నడిస్తే అటే చూస్తోంది. గుడ్డ కప్పేయండి బాబూ అన్నాను. ఆయన సంతోషంగా కప్పేశారు. నేను మెచ్చుకున్నాననుకున్నారు పాపం.

23 ఫిబ్రవరి, ఆదివారం

పార్కు ఓపెనింగ్. ఎర్రజెండాలు, మైకు, బెంగాలీలో పొడుగాటి స్పీచులు. నన్ను ముందు కుర్చీల్లో కూర్చోమన్నారు. సిగ్గేసి వెనక అత్త పక్కన నిలబడ్డాను. ముందు వరసలో మా పక్కింటి సింహాచలమ్మ, చంకలో కూతురు పైడి. పైడి నా క్రెష్ పిల్లే. రెండేళ్ళుంటాయి. నా కొంగు పట్టుకోనిదే నిద్రపోదు.

తాడు లాగారు. గుడ్డ జారింది. పైడి సరిగ్గా బొమ్మ కళ్ళకి ఎదురుగా ఉంది. బొమ్మని చూసి నా పేరు పెట్టి పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

అత్త నా మోచేయి గట్టిగా పట్టుకుంది. అద్దం ఏదే, అద్దం చూపించకండా గుడ్డ తీసీసినారేటి అని గొణిగింది.

మా శ్రీకాకుళం వైపు కొత్త అమ్మవారిని నిలబెట్టినప్పుడు, కళ్ళమీద గుడ్డ తీసే ముందు ఎదురుగా అద్దం పెడతారు. మొదటి చూపు మహా పదునుగా ఉంటుందట. అది తన మీదే పడాలి. అద్దం దొరక్కపోతే గుమ్మడికాయనైనా నిలబెడతారు. మనిషి మాత్రం ఎదురుగా ఉండకూడదు.

అది అమ్మవారు కాదత్తా, మిల్లు మనిషి, నేనే కదా అన్నాను. అందుకే బయమేస్తంది అంది.

24 ఫిబ్రవరి

బొమ్మ పాదాలకి ఎవరో పసుపు రాశారట. పాదాలు కూడా నావే అనుకుంటే నవ్వొచ్చింది.

3 మార్చి

పైడికి క్రెష్‌లో ఒళ్ళు కాలిపోతోంది. సాయంత్రానికి చెవుల వెనక ఎర్రగా పేలింది. డిస్పెన్సరీ డాక్టర్ హామ్ అన్నాడు. తట్టు. ఈ కాలంలో మా మిల్లు కూలీల లైన్లలో ఏటా ఎవరో ఒకరికి వస్తూనే ఉంటుంది. చలికాలంలో సూదులు వేసేవాళ్ళు వచ్చినప్పుడు సింహాచలమ్మ పిల్లని మంచం కింద దాచింది. నేను చూసి కూడా ఊరుకున్నాను.

సింహాచలమ్మ మందు చీటీ చూడనైనా లేదు. అమ్మోరు పోసినాది, మందులేటి అంది. పిల్లని ఎత్తుకుని వెళ్తూ తిరిగి నా ముఖంలోకి చూసింది. అలా ఎప్పుడూ చూడలేదు.

6 మార్చి

ఇంకో ఇద్దరు పిల్లలకి పోసింది.

లైన్ల ఆడవాళ్ళంతా తలంటుకుని, కుండల్లో పసుపునీళ్ళు, వేపరొట్టలు పట్టుకుని పార్కుకి వెళ్ళారు. ఆ నీళ్ళే ముర్రాటలుగా బొమ్మ కాళ్ళ మీద పోశారు. నెత్తి మీద జనపనార మోపు వాళ్ళ కంటికి ఘటంలా కనబడింది. అసిరితల్లి అని పేరు కూడా పెట్టేశారు. రామనాథం గారికి తెలిసి తల పట్టుకున్నారు. మేం కష్టజీవి బొమ్మ పెడితే మీరు దేవతని చేస్తారా అని కేకలేసి, కుర్రాళ్ళ చేత పైపు పెట్టి కడిగించేశారు.

అమ్మవారికి పోసిన పసుపు కడిగేశారు. ఇప్పుడు ఇంకా కోపం వస్తుంది కదా. లైన్లన్నీ ఇదే మాట.

8 మార్చి, సాయంత్రం

ఇంటికే వచ్చారు. సింహాచలమ్మ, వాళ్ళ మరిది బైరాగి, వెనక చాలామంది ఆడవాళ్ళు. సింహాచలమ్మ గుమ్మంలో కూర్చుని నా కాళ్ళు పట్టుకోబోయింది. గబుక్కున వెనక్కి లాక్కున్నాను. నీ సూపు తగిలీసినాది తల్లీ, నీ నోటితోనే దిగిపో అని ఒక్క మాట సెప్పీ, సాలు అని ఏడ్చింది. నిన్నటిదాకా నన్ను ఒలే శారదా అనేది. ఇప్పుడు తల్లి.

నేను ఆయాని వదినా, నాకేం తెలియదు, పిల్ల ఎగశ్వాస తీస్తోంది, ఆస్పత్రికి తీసుకెళ్ళు, నేనూ వస్తాను అన్నాను. సింహాచలమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది. బైరాగి అన్నాడు, దిగమని సెప్పదంట, అంటే దిగడం దానికిష్టం నేదు.

అందరూ వెళ్ళిపోయారు. ఒక్కరు తిట్టినా బాగుండేది.

చెప్పేయాల్సిందా? చెప్పాక పిల్లకేమైనా అయితే?

9 మార్చి

అత్త బియ్యం ఏరుతూ చెప్పింది. వాళ్ళ పుట్టినూళ్ళో ఒకావిడ ఉండేదట, అందరూ పెద్దమ్మ అనేవారు. దూడలు చచ్చాయి, తర్వాత ఒక పిల్ల పోయింది. చిల్లంగి పెట్టిందన్నారు. చింతచెట్టుకి కట్టి ముందు పళ్ళు ఊడబెరికారు. పళ్ళు లేకపోతే నోట్లో మంత్రం తిరగదట. తరవాత మరి ఆవిడని ఎవులూ ఏటీ అన్లేదు, సానా బాగా సూసుకున్నారు, గెంజి కూడా పోసీవోరు అంది అత్త.

చెప్పి, బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి నాలుక పై పళ్ళ మీదే తిరుగుతోంది. ఆపలేకపోతున్నాను.

11 మార్చి

క్రెష్‌లో ఒక్క పిల్లా లేదు. ఉయ్యాలలన్నీ ఖాళీ. ఇన్‌ఛార్జ్ దీదీ కొన్నాళ్ళు లీవ్ పెట్టమంది. ప్రేమగానే చెప్పింది, నేనిచ్చిన మంచినీళ్ళు ముట్టుకోకుండా.

కుళాయి దగ్గర నేను వెళ్ళేసరికి బిందెలు పక్కకి జరిగాయి. వెనకనుంచి ఎవరో ఆ మాట అన్నారు. చిల్లంగి. తిరిగి చూద్దామనుకున్నాను. చూస్తే చూపు తగిలిందంటారు. నేల చూపులు చూసుకుంటూ వచ్చేశాను. నీళ్ళు పట్టుకోలేదు.

13 మార్చి

నాకు చాలా భయంగా ఉంది.

పైడి దగ్గు గోడ ఇవతలకి వినిపిస్తోంది. తట్టు లోపలికి తిరిగి ఊపిరితిత్తులకి పట్టి ఉంటుంది. డిస్పెన్సరీకి పరిగెత్తి డాక్టర్‌ని బతిమాలాను. పిల్లని తెస్తే చూస్తానన్నాడు. సింహాచలమ్మ తలుపు మూసేసింది. నా కళ్ళు పిల్ల మీద పడకుండా కిటికీకి గోనె కట్టింది. నా ఒళ్ళో పెరిగిన పిల్ల. చచ్చిపోతుందేమోనని ఏడుస్తున్నాను. చచ్చిపోతే నా గతేమిటని కూడా ఏడుస్తున్నాను. ఏ ఏడుపు ఎక్కువో నాకే తెలియడం లేదు.

ఏక్‌బాల్‌పూర్‌లో మా మరిది పోలయ్య ఉన్నాడు, అక్కడికి పోదామన్నాను. ఇప్పుడు ఎల్లిపోతే నిజమే అనుకుంటారే అన్నాడు మా ఆయన. తర్వాత అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. మిస్త్రీ పెట్టెలోంచి బైరాగి ప్లయర్ తీసి మొలలో దోపుకోవడం చూశాడట. ఏటికిరా అని అడిగితే, పనుంది అన్నాడట.

అన్నం ఇద్దరం తినలేదు.

15 మార్చి, పొద్దున్న

అత్త బయటినుంచి పరిగెత్తుకొచ్చింది. పళ్ళు పీకీసినారే అని అరిచింది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

బొమ్మవి.

వెళ్ళి చూశాను. పై పెదవి కిందంతా పగిలిపోయింది. నవ్వు ఉండాల్సిన చోట బొక్క. లోపల ఇనపచువ్వ కనబడుతోంది. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. చుట్టూ జనం. నన్ను చూసి దారి ఇచ్చారు. రామనాథం గారు ఇది అవతలి పార్టీ కుట్ర అన్నారు, సాయంత్రం ఊరేగింపట. పాపం, ఆయనకి ప్రపంచంలో రెండే రకాల మనుషులు.

అదే రోజు, మధ్యాహ్నం

సింహాచలమ్మ పైడిని ఆస్పత్రికి తీసుకెళ్ళింది! తనంతట తనే. పళ్ళు పోయినాయి గదా, ఇంక మందు పన్జేస్తాది అందట.

21 మార్చి

పైడి జ్వరం దిగింది. పాలు తాగుతోంది. దేవుడా.

సింహాచలమ్మ ఎండుచేపల కూర పట్టుకొచ్చింది. నీ తప్పేటీ నేదులే శారదా అంది. మాట్లాడినంతసేపూ నా నోటికేసే చూసింది. కుళాయి దగ్గర నా బిందెకి చోటిచ్చారు. ఒకావిడ నీళ్ళు పట్టి నా నెత్తికి కూడా ఎత్తింది. బైరాగి ప్లయర్ మిస్త్రీకి తిరిగిచ్చేశాడట. అందరూ చాలా బాగా చూసుకుంటున్నారు. అత్త చెప్పిన పెద్దమ్మ గుర్తొచ్చి కూర మింగుడు పడలేదు.

22 మార్చి

మా ఆయన షిఫ్టు చొక్కా ఉతుకుతుంటే జేబులో గట్టిగా తగిలింది. ఎర్ర సిమెంటు ముక్క. దాని మీద రెండు పళ్ళు.

అడిగాను. దాచలేదు. రాత్రి షిఫ్టు దిగి తెల్లారుతుంటే వస్తూ, సుత్తి పట్టుకుని పార్కులోకి వెళ్ళాడట. నీయి పీకే బదులు దానియి పీకీసినాను, ఆలకి అది సాలు గదా అన్నాడు. యూనియన్‌కి తెలిస్తే మెంబర్‌షిప్పు పోతుంది, పోలీసులకి తెలిస్తే జైలు. వేళ్ళు ఇంకా చెక్కుకుపోయే ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఇంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

ముక్క నా దగ్గర ఉంచుకుంటానన్నాను. ముట్టుకోకు అని గట్టిగా అరిచాడు. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి గంగలో వేశాడు. తలమీదుగా స్నానం చేసి, తడిబట్టలతో ఇంటికొచ్చాడు.

స్నానం ఎందుకో అడగలేదు.

30 మార్చి, ఆదివారం

మృత్యుంజయ బాబు వచ్చి కొత్త పళ్ళు పెట్టారు. ఒకసారి నవ్వు దీదీ అన్నారు. ఎంత ప్రయత్నించినా పెదాలు విడలేదు. పాత అచ్చు చూసి ఆయనే చేసుకున్నారు. ముఖానికి మళ్ళీ గుడ్డ కట్టారు. సిమెంటు ఆరాక వచ్చే ఆదివారం తీస్తారు.

మా ఆయన బజారునుంచి అద్దం కొనుక్కొచ్చాడు. చెక్క ఫ్రేముది, పళ్ళెమంత. యూనియన్ మనిషివి, పార్కులో అందరి ముందూ అద్దం పట్టుకుని నిలబడతావా అని ఏడిపించాను. అమ్మ తృప్తికి అన్నాడు. అత్తకి చూపించలేదు మరి. మంచం కింద పెట్టాడు. పోనీలే, ఈసారైనా దాని చూపు దాని మీదే పడుతుంది. చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది.

6 ఏప్రిల్, ఆదివారం

పొద్దున్న కళ్ళు తెరిచేసరికి నా ముఖానికి ఎదురుగా అద్దం ఉంది. అందులో నేను.

పట్టుకున్న చేతులు ఆయనవి. ముఖం పక్కకి తిప్పుకున్నాడు.