అందానికి పెట్టిన రింగు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీకు పశువుల డాక్టరు ఉద్యోగం వచ్చిందనీ, కొండ మీద ఊళ్లో వేశారనీ తెలిసింది. ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోనులో నువ్వు మధ్యలో మాట్లాడతావు.

నా కారు నీకిచ్చేస్తున్నాను. నేను కొత్తది కొనుక్కున్నాను. షోరూములో టై కట్టుకున్నాయన గేర్లు లేని బండి చూపించి, "క్లచ్చు ఉండదు సార్, ఎడమ కాలికి పనే ఉండదు" అన్నాడు. "అయితే ఆ కాలు ఇంట్లో పెట్టి రమ్మంటావా?" అన్నాను. గేర్లున్న బండే చూపించాడు.

నాది నలభై రెండేళ్ల అనుభవం. మొదటిది మా నాన్న కారు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. మా గేదె కుమ్మి కొట్టం గోడని దాని మీద పడగొట్టినప్పుడు తప్ప దాని మీద ఒక్క గీత పడలేదు. రెండోది నా సొంతం. మూడో గేరు నిలిచేది కాదు, వదిలితే జారిపోయేది. పదకొండేళ్లు ఎడం చేత్తో దాన్నే పట్టుకున్నాను. మీ అత్తయ్య చెయ్యి కూడా అంతసేపు పట్టుకోలేదు. మూడోది ఇప్పుడు నీకిచ్చేది. పందొమ్మిదేళ్లలో క్లచ్చు ప్లేటు ఒక్కసారి మార్చాను. మీ కాలం వాళ్లయితే ఏడాదికి రెండు తింటారు.

క్లచ్చు మీద కాలు ఆనించి కూర్చోకు, అది అరుగు కాదు. గేరు మార్చేటప్పుడు రాడ్డు వంక చూడకు. అన్నం తింటూ నోరెక్కడుందో వెతుక్కుంటామా? రాడ్డు పిడి కింద ఒక రింగు ఉంటుంది. అది అందానికి పెట్టింది. ముట్టుకోకు.

ఆదివారం బండి తెచ్చి మీ ఊరి పెట్రోలు బంకులో పెడతాను. మీ ఆస్పత్రి ఆవరణలోకి రాను.

ఇట్లు,
నీ మేనమామ

తా.క.: మీ అమ్మకి చెప్పాల్సిన పనిలేదు. చెబితే, అడిగానని చెప్పు. ఎలా ఉందని అడిగానని మాత్రం చెప్పకు.

*

మామయ్యకి నమస్కారాలు.

కారు అందింది. ముందుకి బంగారంలా పోతోంది. వెనక్కి మాత్రం పోవడం లేదు.

మొన్న ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందంటే వెళ్లాను. బాట సన్నం. పోయి పోయి పశువుల కొట్టం దగ్గర ఆగిపోతుంది. రెండు గంటలు కష్టపడి దూడని బయటికి లాగాను. కారుని మాత్రం లాగలేకపోయాను. రివర్సు గేరు ఎంత నొక్కినా పడలేదు. ఆ రైతూ, ఆయన తమ్ముళ్లూ నలుగురు కలిసి రెండు వందల గజాలు వెనక్కి తోశారు. చివర్న ఆయన ఆయాసపడుతూ, "డాక్టరమ్మా, దూడే నయం" అన్నాడు.

ఇందులో కిటుకేమైనా ఉంటే రాయి.

నీ మేనకోడలు

తా.క.: అమ్మకి చెప్పేశాను. "ఓహో, ఆ కారు మనవాళ్ల వైపు కూడా తిరుగుతుందన్నమాట" అంది.

*

చిరంజీవి డాక్టరమ్మకి,

ఆశీస్సులు. బండికి వెనక్కి పోవడం రాక కాదు, నీకు నడపడం రాక. పందొమ్మిదేళ్లు నాతో ఒక్క మాట అనని బండి, రెండు వారాల్లో నీతో పేచీ పెట్టుకుందంటే తప్పెవరిదో నువ్వే ఆలోచించు.

అసలు వెనక్కి పోవాల్సిన అవసరం రానివ్వనివాడే డ్రైవరు. ఎక్కడికైనా పోయే ముందు, బయటికి ఎలా వస్తామో చూసుకుని పోవాలి. దారి లేకపోతే బండి బయటే పెట్టి నడవాలి. నడక ఒంటికి మంచిది. నీ గేదె కూడా రోజూ నడుస్తుంది.

మెకానిక్కు దగ్గరికి మాత్రం పోకు. ఉన్న రోగం వదిలేసి లేనిది పుట్టిస్తారు. డాక్టరువి, నీకు నేను చెప్పాలా?

ఇట్లు,
మామయ్య

తా.క.: మీ అమ్మ మాటకి జవాబు: మీ ఇంటి సందు కారు పోయే సందు కాదు.

*

మామయ్యకి,

నమస్కారాలు ఈసారికి సగమే.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మండిపడ్డాను. పాడైన బండి అని తెలిసే నాకు అంటగట్టావనుకున్నాను. "వెనక్కి పోవాల్సిన అవసరం రానివ్వనివాడే డ్రైవరు" అన్నది, అమ్మతో రాజీకి రానని పొడిచిన మాట అనుకుని, ఫోనులో ఆవిడకి చదివి వినిపించాను కూడా. అమ్మ ఫోను పెట్టేసింది.

తర్వాత బండిని మెకానిక్కుకి చూపించాను. ఆయన నువ్వు ముట్టుకోవద్దన్న రింగు పట్టుకుని చూశాడు. దాన్ని పైకి లాగితేనే రివర్సు పడుతుందట. వాడక తుప్పు పట్టి బిగిసిపోయిందట. నూనె పోసి, పట్టకారు పెట్టి, అరగంట తిట్టి కదిలించాడు. తర్వాత కింద దూరి గేర్‌బాక్సు విప్పి చూశాడు. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మేడమ్, మిగతా గేర్ల పళ్లన్నీ అరిగిపోయాయి. రివర్సు పళ్లు మాత్రం ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉన్నాయి. ఈయన ఇన్నేళ్లూ ఇంటికెలా వచ్చాడండీ? భూమి చుట్టూ తిరిగొచ్చాడా?"

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. మీ ఇంటికి రెండు గేట్లు ఎందుకున్నాయి? ఒకదాంట్లో దూరి రెండోదాంట్లోంచి బయటికి రావడానికి. పెరటి గోడ పగలగొట్టించి, "గాలి ఆడటానికి" అన్నావు. పెళ్లిళ్లకి అందరికంటే రెండు గంటల ముందు పోయి, బండి రోడ్డు వైపు తిప్పి పెట్టేవాడివి. పెద్దమనిషికి ఎంత శ్రద్ధో అనుకునేవాళ్లం. ముందు ఎవరి బండైనా అడ్డుంటే, మేమంతా ఎక్కాక "ఇంజనుకి విశ్రాంతి కావాలి, దిగి తోయండి" అనేవాడివి. ఆరుగురం వెనక్కి తోస్తుంటే నువ్వు స్టీరింగు ముందు రాజుగారిలా కూర్చునేవాడివి.

ఇవన్నీ నవ్వుకునేవే. ఒకటుంది, దానికి నవ్వు రాలేదు. మేం అమ్మ ఇప్పుడుంటున్న ఇంట్లోకి మారిన రోజు కొత్త కారులో మమ్మల్ని తీసుకొచ్చి, సందు మొదట్లోనే సామాన్లతో దించేసి వెళ్లిపోయావు. నాకప్పుడు ఐదేళ్లు. అమ్మతోపాటు నేనూ బిందె మోశాను. "మా సందులోకి వస్తే వాడి కారుకి చిన్నతనం" అంది అమ్మ. అంతే, పందొమ్మిదేళ్లుగా మీ ఇద్దరికీ మాటల్లేవు. రివర్సు రాదని చెప్పడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే తేలికనిపించిందా మామయ్యా?

నీ మేనకోడలు

తా.క.: ఆ రింగు ఇప్పుడు చాలా అందంగా కదులుతోంది.

*

మేనకోడలికి,

నీ ఉత్తరం నాకు అందలేదు. అందులో రాసినవన్నీ అబద్ధాలు.

మామయ్య

తా.క.: ఆ మెకానిక్కు ఇంకెవరికైనా చెప్పాడా?

*

మామయ్యకి పూర్తి నమస్కారాలు.

మెకానిక్కు ఎవరికీ చెప్పలేదు. నేనూ అమ్మకి చెప్పలేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మకి మోకాలి ఆపరేషను అయింది. ఇరవయ్యో తారీకున ఆస్పత్రి నుంచి పంపిస్తారు. ఇక్కడ పశువులకి టీకాల పని, నాకు సెలవు లేదు. సందు మొదటి నుంచి ఆవిడ నడవలేదు, కారు గుమ్మం దాకా రావాలి. టాక్సీ మాట్లాడతానంటే, "మాట్లాడు. టాక్సీవాడైనా గుమ్మం దాకా వస్తాడు" అంది. ఆ "అయినా" అనే మాటని ఎంత సాగదీసిందో ఉత్తరంలో రాయలేను.

టాక్సీ మాట్లాడటం లేదు. నీకు చెబుతున్నాను.

నీ మేనకోడలు

తా.క.: సందు ఇంటివైపు పల్లం. పోవడం తేలిక.

*

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. ఇది మీ ఇంట్లోంచి రాస్తున్నాను. వచ్చి తొమ్మిది రోజులైంది.

మీ అమ్మని గుమ్మం ముందే దించాను. ముందు చక్రం మెట్టుకి ఆనింది కాబట్టి, ఇంతకంటే గుమ్మం ముందుకి ఎవడూ తేలేడు. ఆవిడ దిగేటప్పుడు, "కారు పోని సందన్నావట" అంది. అంతే.

కొత్త బండిలో ఆ రింగు కూడా లేదు. వెనక్కి పోయేటప్పుడు చూసుకోవడానికి చిన్న టీవీ ఒకటి పెట్టారు. మొదటి రోజు దాన్ని చూస్తూ కూర్చున్నాను. సందంతా బాగా కనిపించింది. రెండో రోజు బ్యాటరీ దిగిందన్నాను. నాలుగో రోజు నడుం నొప్పన్నాను. ఆరో రోజు మీ అత్తయ్య ఫోను చేసి, "నువ్వు అక్కడే ఉంటావా, రెండో గేటు పూడ్పించెయ్యనా?" అని అడిగింది.

నిన్న చెప్పేశాను. "చెల్లీ, నాకు రివర్సు రాదు. ఎప్పుడూ రాలేదు" అన్నాను. మీ అమ్మ వంకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. "ఆ గిన్నె ఇలా అందుకో" అంది.

అందుకే రాస్తున్నాను. టీకాల పని కాగానే వచ్చి, ఈ బండిని రోడ్డు మీదికి తీసిపెట్టు. నువ్వు తీస్తుంటే నేను ఇంటి లోపల ఉంటాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఆ మెకానిక్కు నేర్పిస్తాడేమో, ఊరికే కనుక్కో. నా కోసమని చెప్పకు.

మరో తా.క.: ఇది అమ్మ రాస్తున్నది. కవరు నేను అంటిస్తానని తీసుకున్నాను.

ఆ రోజు మా నాన్న కారు మీద కొట్టం గోడ పడగొట్టింది గేదె కాదు. మా అన్నయ్య కారు వెనక్కి నడుపుతూ కొట్టంలోకి దూరాడు. వెనక సీట్లో నేనే ఉన్నాను. గేదె ఆ పూట పొలంలో ఉంది. వాడు గేదె మీద పెట్టేశాడు. మా నాన్న దాన్ని అమ్మేశాడు. మంచి పాడిగేదె.

సందు మొదట్లో మనల్ని ఎందుకు దించాడో నాకు ఆ రోజే తెలుసు. "రివర్సు రాదే చెల్లీ" అని ఒక్క మాట అని ఉంటే, బిందె కింద పెట్టి నేనే తోసి పంపేదాన్ని.

పక్కింటి బస్సు డ్రైవరు కారు తీసిపెడతానని మూడుసార్లు వచ్చాడు. తాళంచెవి కనిపించడం లేదని చెప్పాను. నా దిండు కింద ఉంది. నువ్వు సెలవు పెట్టి పరుగెత్తుకు రావొద్దు. పశువులన్నిటికీ టీకాలు వేసి నెమ్మదిగా రా.