జేబు రుమాలులో కనకాంబరాలు

పణజి, గోవా
16-11-81

అమ్మా, ఇద్దరం కులాసా. ఆయన నాతో ఎట్లా ఉంటారని అడిగావు. కార్డు నాయన పైకి చదువుతాడు కాబట్టి నిన్న జరిగింది మాత్రం రాస్తాను.

ఆదివారమని పాత ఊరు చూపించడానికి తీసుకుపోయారు. పది అడుగులు ముందు ఆయన, వెనక నేను. పెద్ద చర్చి గుమ్మం దగ్గర, పూలన్నీ స్వామికేనని తిరుమల కొండమీద చేసినట్టే, జడలో కనకాంబరాలు తీసి మెట్టుమీద పెట్టేశాను. లోపల చూస్తే చీర కట్టినవాళ్లంతా పూలతోనే ఉన్నారు. బయటికొచ్చేసరికి మెట్టుమీద నావి లేవు.

తర్వాత పడవలో ఏరు దాటి రెండు కోటలు నడిచే చూశాం. రెండో కోట గోడ దగ్గర, సముద్రం వైపు చూస్తూనే, జేబులోంచి రుమాలు తీసి విప్పారు. నా పూలు!

"ఇది మన కొండ కాదు గదా. ఈడ పెట్టుకోవచ్చులే" అన్నారు.

వాడిపోయినాయి. పెట్టుకున్నాను.

ఈ వైపు ఎవరైనా వస్తుంటే ఊరమిరపకాయలు పంపు. శకుంతల పిన్ని కాలికి కట్టు విప్పారా? గోరింట చెట్టుకు నీళ్లు పోస్తున్నావా?

నీకూ నాయనకూ నమస్కారాలు. ఆయనవి కూడా. రాయమని తనే అన్నారు.

నీ కూతురు
నవనీతం