మూత మీది రాయి

కామాఠీపురా, ఏడో గల్లీ,
బొంబాయి.
10-6-1984

పూజ్యులైన మీకు,

భూదేవి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, అత్తమ్మ క్షేమం. ‘అందరం’ అని రాయబోయి ఆగిపోయాను. పెంపుడు చేపలు అమ్మే ఆ నాగ్‌పాడా సేఠు కోసం మళ్లీ ఆ అస్సాం వాగుల్లో దిగి చేపలు పడుతున్నారా? జ్వరం తెచ్చుకోకండి.

పోయినసారి తెచ్చి మీకోసం ఉంచుకున్న చేప చచ్చిపోయింది. తప్పు నాదే.

నల్లా నీళ్లు మందు వాసన పోయేదాకా బకెట్లో ఉంచి, మర్నాడే తొట్టిలో పోశాను. కొండవాగు చేపకు బొంబాయి ఉక్క పడదన్నారని గాజు చుట్టూ తడిగుడ్డ కప్పాను. చచ్చినదేదీ ముట్టదు కదా, ఫోరస్ రోడ్ మోరీ పక్కన ఎర్రలు తవ్వుతుంటే అందరూ నవ్వారు. తలెత్తకుండా తవ్వుకొచ్చాను. అయినా మీరు వెళ్లినప్పటి నుంచి అది సరిగా తినలేదు.

“వాడు ఈ కొర్రమట్టకు మొగుడా, నీకా? దానితోని మాట్లాడినంత నీతోని మాట్లాడిండా?” అని అత్తమ్మ వెక్కిరించేది. నాకు నవ్వొచ్చేది. తర్వాత ఏడుపొచ్చేది.

మొన్న తొలి వాన పడింది. వాన చప్పుడుకు అది ఎగురుతుందని, మూత మీద రాయి పెట్టమని మరీ మరీ చెప్పి వెళ్లారు. ఎర్రలు వేసి, రాయి పెట్టడం మరిచి నల్లాకు పోయాను. వచ్చేసరికి నేల మీద పడి ఉంది. తిట్టండి. కానీ ఉత్తరం రాయడం మానకండి.

మీ
భూదేవి

మరొక మాట: పైన రాసినది సగమే. నేను వచ్చేసరికి అది బతికే ఉంది. కొర్రమట్ట నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతుందని మీరే చెప్పారు. చేతుల్లోకి తీసుకున్నాను కూడా. ఇంతలో అత్తమ్మ చూసింది. “ఇయ్యాల మిరుగం పిల్లా! చేప తినే దినం తనంతట తనే దుంకింది. మూడో నెల నీకు, కడుపుల మెతుకు నిలుస్తలేదు. తొట్టిల ఏస్తవా, నాకిస్తవా?” అన్నది. మూడో నెల సంగతి సిగ్గుతో మీకింకా రాయలేదు. చేపతోనే చేతులు అత్తమ్మ వైపు చాచాను.

ఆ కూర కడుపులో నిలిచింది. ఇంకో ముక్క వేయమని నేనే నోరు తెరిచి అడిగాను.