డప్పు కోసం వదిలిన ఖాళీ

బోరబండ, 1974 ఆషాఢం, ఆదివారం

మద్రాసులో నాకు వయొలిన్ నేర్పిన మాస్టారు చేత్తో రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. నలభై వయొలిన్లకు కొత్త సంగీతం కడుతున్నారట. పోయినేడు బోనాలకు వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు తను విన్న, మా బస్తీ మల్లయ్య డప్పు కూడా అందులో ఉందట! "మధ్యలో డప్పు మంటకు కాచుకోవడానికి అతను ఎంతసేపు ఆగుతాడు? నా వయొలిన్లన్నీ అంతసేపూ ఆగాలి. కనుక్కుని రాయి" అన్నారు.

ఇవాళ వెళ్లి మల్లయ్యకు చదివి వినిపించాను.

"తోలు పిలిచేదాంక ఆగాలె సారూ. గడియారం ఏం జెప్తది?" అన్నాడు, డప్పు కాస్తూనే.

ఉత్తరం కింద రాసిన స్వరాల మధ్య మాస్టారు డప్పు కోసం వదిలిన ఖాళీ చూపించాను.

"గంతమంది నా కోసం ఆగుతరా?" అంటూ దానిమీద వేలు పెట్టాడు. మసి అంటింది.

ఎన్ని సెకన్లని రాయను, నా తలకాయ! ఆ మసి తుడవడానికి చెయ్యి రాలేదు. అదే జవాబనుకుని, మాస్టారి ఉత్తరం ఆ మసితోనే మాస్టారికి పంపేస్తున్నాను.